వెనక సీటు తీసేసిన మనిషి

ఆయన పోయి నెల దాటింది. ఇప్పటికీ మోటారు సైకిలు మీద వెళుతూ ముల్లు నలభై దగ్గరికి వచ్చిందంటే నా వీపు దానంతటదే బిగుసుకుంటుంది. వెనక నుంచి "నెమ్మదయ్యా" అని వినపడాలి. వినపడదు. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక, ఎందుకైనా మంచిదని నలభై లోపే పోతుంటాను. కుర్రాళ్ళు నన్ను దాటిపోతూ వెనక్కి తిరిగి మరీ చూస్తారు. చూడనీ.

ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళు పనిచేశాను, అందులో ఎక్కువ భాగం కారు డ్రైవరుగా. డ్రైవరుకి రాతలేమిటి అంటారేమో. డ్రైవరు ఉద్యోగమంటే బండి నడపడమని జనం అనుకుంటారు గానీ, అసలు ఉద్యోగం బండిలో కూర్చుని ఎదురుచూడటం. నడపడం మధ్యమధ్యలో తగిలే పని. ఆ ఎదురుచూపుల్లో నేను చదివినన్ని పుస్తకాలు మా బెజవాడ పటమటలో లెక్చరర్లు కూడా చదివి ఉండరు. ఆయన పేరు మాత్రం రాయను. బతికుండగా పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడెందుకు.

ఆటోనగర్ దాటాక రోడ్డు పక్కన ఆయనకి వేబ్రిడ్జి ఉంది. లారీని సరుకుతో సహా ఎక్కించి తూచే పెద్ద కాటా. ధాన్యం, ఇసుక, పాత ఇనుము, మొక్కజొన్న అన్నీ దాని మీదుగా పోయేవే. ముప్పై ఏళ్ళు బరువులు చూసి చూసి ఆయనకి లోకమంతా బరువుగానే కనపడేది. పెళ్ళిలో ఎవరినైనా పరిచయం చేస్తే నమస్కారం పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, పైనుంచి కిందికి చూసి, నా వైపు వంగి "డెబ్భై రెండు" అనేవారు. పెళ్ళికొడుకుని కూడా వదిలేవారు కాదు. ఖాళీ లారీ తూచేటప్పుడు డ్రైవరూ క్లీనరూ క్యాబిన్‌లోనే కూర్చుని, సరుకుతో తూచేటప్పుడు దిగిపోవడం లాంటి వేషాలు ఆయన దగ్గర సాగేవి కావు. "కాటా అబద్ధమాడదయ్యా, ఎక్కినవాడు ఆడతాడు" అనేవారు.

వేగమంటే ఆయనకి గిట్టదు. డ్రైవింగు రాదు, నేర్చుకోలేదు. వెనక సీట్లో ఎడమ పక్క, మోకాళ్ళ మధ్య గొడుగు పెట్టుకుని కూర్చునేవారు, మబ్బు లేకపోయినా సరే. నలభై దాటితే "నెమ్మదయ్యా". సైకిలు కనపడితే "నెమ్మదయ్యా". గేదె కనపడితే, అది పొలంలో ఉన్నా సరే, "నెమ్మదయ్యా". ఏమీ కనపడకపోతే "రోడ్డు ఖాళీగా ఉందని పోకు, నెమ్మదయ్యా". నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి ఉయ్యూరు రోడ్డు మీద వరిగడ్డి ట్రాక్టరు మమ్మల్ని దాటింది. ఒట్టు. గడ్డి మీద కూర్చున్న కూలీలు మాకు చేతులూపారు కూడా. అమ్మగారు, అంటే ఆయన భార్య, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉన్నారు. "మీరు కాటా మీద కూర్చోలేదండీ, కార్లో కూర్చున్నారు. కాస్త కదలనివ్వండి బండిని" అన్నారు. ఆయన గొడుగు సర్దుకున్నారు.

అసలు సంగతి ఇక్కడే చెప్పేయాలి. లేకపోతే తర్వాత చెప్పేదంతా పిచ్చిలా ఉంటుంది. పిచ్చి కాదని నేను కూడా గట్టిగా చెప్పలేననుకోండి.

అమ్మగారి తరఫు చుట్టాల గృహప్రవేశానికి అవనిగడ్డ వెళ్ళాం. భోజనాలయ్యాక ఆవిడ ఎడమ భుజం లాగుతోందన్నారు. గ్యాసేమోనని ఎవరో సోడా ఇచ్చారు. సోడా తాగాక చెమటలు పట్టాయి. ఇక్కడే చూపిద్దామని ఒకరు, బెజవాడలో తెలిసిన డాక్టరు ఉన్నాడని ఒకరు. చివరికి బెజవాడే అన్నారు. కరకట్ట మీదుగా బయల్దేరాం. వెనక సీట్లో ఆవిడ తల ఆయన ఒళ్ళో ఉంది. నేను ఎనభైలో పోతున్నాను, అన్నేళ్ళలో మొదటిసారి. ఆయన ఒక్క మాట అనలేదు. తోట్లవల్లూరు దగ్గర ఆయన గొంతు వినపడింది, "నెమ్మదిగా ఉందా?" అని. అది ఆవిడని అడిగింది, తెలుస్తూనే ఉంది. కాసేపటికి మళ్ళీ వినపడింది, "నెమ్మది... నెమ్మది..." అని.

మన భాషకి ఏం పోయేకాలమో గానీ, ఒంట్లో బాధ తగ్గడమూ నెమ్మదే, బండి వేగం తగ్గడమూ నెమ్మదే. నా కాలు దానంతటదే పైకి లేచింది. అక్కణ్ణుంచి యనమలకుదురు దాకా నలభైలోనే వచ్చాను. ఆస్పత్రిలో డాక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని చూసి, "ఒక్క పది నిమిషాలు ముందు తెచ్చుంటే" అన్నాడు.

ఆ పది నిమిషాలు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఇంకో సంగతి తట్టింది. నన్ను అనేటప్పుడు ఆయన ఎప్పుడూ "నెమ్మదయ్యా" అంటారు. చివర అయ్యా లేకుండా ఒక్కసారీ అనలేదు. ఆ రోజు ఆ మాటకి అయ్యా లేదు. ఆయన ఆవిడకి ధైర్యం చెబుతున్నారు, నేను వేగం తగ్గించాను. ఆయనకి ఇది తెలుసా? నా వల్లే ఆలస్యమైందని మనసులో పెట్టుకున్నారా? నేను అడగలేదు, ఆయన అనలేదు. మర్నాటి నుంచి మళ్ళీ పొద్దున్నే బండి తుడవడం, ఆయన ఎడమ పక్క కూర్చోవడం, "నెమ్మదయ్యా". ఆ మాట వినపడినప్పుడల్లా చివర అయ్యా ఉందో లేదో చూసుకునేవాణ్ణి.

సంవత్సరీకం అయిన మర్నాడు నేను బండి తుడుస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఈ బండి ఎంత పోగలదయ్యా?"

"ఎక్కడికండీ?"

"ఎక్కడికని కాదు. ఎంత వేగం పోగలదని."

నా చేతిలో గుడ్డ కింద పడింది. "మీటరు మీద నూట ఎనభై దాకా అంకెలున్నాయండీ."

"అంకెలు కాదు. పోగలిగింది ఎంతో ఒకసారి చూడాలి."

"హైవే మీద చూద్దామాండీ?"

"రోడ్డు మీద వద్దు. రోడ్డు అందరిదీ."

ఇంతే చెప్పారు. ఇంతకు మించి కారణం అప్పుడూ చెప్పలేదు, ఆ ఎనిమిది నెలలూ ఎవరడిగినా చెప్పలేదు. ఆ రోజు నువ్వు ఎంతలో తేగలిగి ఎంతలో తెచ్చావో తేలుద్దాం రా, అన్నట్టు వినపడింది నాకు.

తర్వాత పది రోజులు శబ్దం లేకుండా ఫోనులో వీడియోలు చూశారు. మామూలుగా ఊళ్ళో తిరిగే కార్లని ఇంటి దగ్గరే సీట్లూ అవీ పీకేసి, రేసు ట్రాకు మీద తిప్పుకునేవాళ్ళు ఉంటారట. అది చూసి ఆయన ఒక మాట తేల్చారు. "ఇంజను సంగతి నాకు తెలియదు. బరువు సంగతి తెలుసు. బరువు తీస్తే పోతుంది."

మొదట తీయించింది వెనక సీటు. బరువే కావాలంటే డిక్కీలో స్టెప్నీ టైరు తీస్తే చాలు, నిమిషం పని. ఆయన వెనక సీటే అన్నారు. బోల్టులు నేనే విప్పాను. ఆవిడ పడుకున్న సీటు. నా మీద కోపమా, దాన్ని చూడలేకపోవడమా, నాకు పాలుపోలేదు. చూడలేకే అనుకుందామంటే, దాన్ని పారేయకుండా వసారాలో గోడకి ఆనించి వేయించారు. రోజూ పొద్దున కాఫీ దాని మీదే, ఎడమ పక్కనే. చుట్టాలెవరైనా కుడి పక్క కూర్చోబోతే "ఉండండి, కుర్చీ తెస్తారు" అనేవారు.

సీటు తీశాక కింద మ్యాటు ఎత్తాను. ఎడమ పక్క, సరిగ్గా ఆయన మడమ పెట్టే చోట, మ్యాటుకి చిల్లు పడి ఉంది. బ్రేకు లేని చోట ఇన్నేళ్ళూ బ్రేకు తొక్కారన్నమాట. ఆయన వంగి ఆ చిల్లులో వేలు పెట్టి చూశారు.

"ఇది నేనేనా?"

"మీరేనండీ."

"చెప్పలేదేం?"

ఏం చెప్పను. పదిహేనేళ్ళ డ్రైవరుకి చెప్పడానికి చాలా ఉంటాయి, అందులో ఇదొకటి.

పటమటలో ఏదీ దాగదు. "కారుని ట్రాక్ కారు చేస్తున్నారట" అన్న మాట మూడో ఇంటికి వెళ్ళేసరికి "కారుని ట్రాక్టరు చేస్తున్నారట" అయింది. కంకిపాడు నుంచి ఆయన పెదనాన్న కొడుకు ఫోను చేశాడు. స్పీకరులో పెట్టారు కాబట్టి నేనూ విన్నాను.

"ఏరా తమ్ముడూ, పొలంలో దమ్ము చెయ్యడానికి పనికొస్తుందా? ఇనప చక్రాలు పడతాయా?"

"ఒక్కడే కూర్చోవాలన్నయ్యా" అన్నారు ఈయన గంభీరంగా.

"ట్రాక్టరు మీద మాత్రం నలుగురు కూర్చుంటారేంట్రా?"

ఆయన ఆ అపార్థాన్ని సరిదిద్దలేదు. ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి ఫోను పెట్టేశారు. నవ్వుతున్నారో లేదో పక్కనే ఉండి కూడా నేను పోల్చుకోలేకపోయాను.

వాళ్ళకి ఒక్కతే కూతురు. మంగళగిరిలో చీరల కొట్టు నడుపుతుంది. వచ్చి వసారాలో సీటు చూసి, నన్ను గేటు అవతలికి పిలిచింది.

"బాబాయ్, నాన్నకి మతి బాగానే ఉందా? అమ్మ కూర్చున్న సీటు పీకేశారేంటి?"

"బండి ఎంత పోగలదో చూస్తారటమ్మా."

"చూసి?"

"ఏమోనమ్మా."

"మీరైనా చెప్పొచ్చుగా."

నేనేం చెబుతాను. నేను ఏదైనా చెప్పాలంటే ముందు కరకట్ట సంగతి చెప్పాలి. ఆ పిల్ల మొహం చూస్తూ ఆ మాట నా నోట రాదు. చేతిలో బోల్టు జారిపోయినట్టు కింద వెతుక్కున్నాను.

రేసు బండికి లోపల ఇనప చట్రం ఉండాలట, పల్టీ కొడితే తల పగలకుండా. దానికి మా వీధి చివర గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసే వెల్డరుని పిలిచారు. వాడు టేపుతో లోపలంతా కొలిచి, "డిజైను ఏం పెట్టమంటారండీ? ఈ మధ్య హంస బాగా పోతోంది" అన్నాడు. డిజైను వద్దన్నారు. వాడికి చెయ్యి ఊరుకోక డ్రైవరు తల వెనక వచ్చే చోట చిన్న తామరపువ్వు అతికించాడు. ఈయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసి "అరకిలో" అన్నారు. నన్ను కోయమంటారేమోనని రంపం తెచ్చాను. వద్దన్నారు. సిగరెట్ బూడిద డబ్బా కూడా పీకించి గ్రాములు లెక్కపెట్టే మనిషి అరకిలో పువ్వుని ఎందుకు ఉంచారో, అదీ నాకు అంతుబట్టలేదు.

వారానికొకసారి బండిని కాటా మీదికి తీసుకెళ్ళేవాళ్ళం. ముందు పక్క సీటు కూడా పోయింది కాబట్టి ఆయనకి చోటు లేదు. నేను కారులో, ఆయన వెనక ఆటోలో. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు వెనక నుంచి ఆయన ఆటోవాడికి "నెమ్మదయ్యా" చెప్పడం వినపడేది. కాటా పది కిలోల లెక్కన చూపిస్తుంది, అంతకు తక్కువైతే దానికి ఆనదు. మేం బూడిద డబ్బా, తలుపుల లోపలి అట్టలు, సన్ షేడులు పీకి తీసుకెళితే అంకె కదిలేది కాదు. నేను మొహం వేలాడేస్తే ఆయన భుజం తట్టి, "తగ్గిందయ్యా. కాటాకి తెలియలేదు, అంతే" అనేవారు. వెయ్యి ఎనభై నుంచి మొదలుపెట్టి ఎనిమిది నెలల్లో తొమ్మిది వందల పదికి దించాం.

తమిళనాడులో ఒక రేసు ట్రాకు ఉంది. కొన్ని రోజుల్లో మామూలు జనాన్ని కూడా తమ బండ్లతో రానిస్తారు. కారుని లారీ మీద ఎక్కించి, మేమిద్దరం లారీ క్యాబిన్‌లో కూర్చుని వెళ్ళాం. నెల్లూరు దాకా ఆయన లారీ డ్రైవరుని కూడా నెమ్మదయ్యా అనలేదు. వాడు డెబ్భైలో తోలుతున్నాడు. నాకు భయమేసింది. అన్నీ లోపల దాచుకుంటున్నారు, అక్కడ నలుగురిలో అడుగుతారేమో అనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో దారంతా వల్లె వేసుకున్నాను. గూడూరు దాటేసరికి మర్చిపోయాను.

ట్రాకు దగ్గర బండ్లు తనిఖీ చేసే ఆయన మా చట్రంలో తామరపువ్వు చూసి, అరవంలో ఏదో అని నవ్వాడు. మేం వచ్చిన పనికి అసలు చట్రమే అక్కర్లేదట, పెట్టారు కాబట్టి ఉండనివ్వమన్నాడు. ఈయన నా చేతికి హెల్మెట్ ఇచ్చారు.

"తొక్కగలిగినంత తొక్కు. ఎంత పోయిందో చూసుకుని రా."

మొదటి రెండు చుట్లు నలభైలో తిరిగాను. నవ్వితే నవ్వండి, కాలు దిగలేదు. అందరూ నన్ను దాటిపోతున్నారు. మూడో చుట్టులో గోడ పక్కన ఆయన కనపడ్డారు. మూసిన గొడుగుతో ముందుకి, ముందుకి అని ఊపుతున్నారు. పోకపోతే ఆయన ఎనిమిది నెలల కష్టం బూడిదలో పోసినట్టు. పోతే, ఆ రోజు పోగలిగి కూడా పోలేదని నా అంతట నేనే రుజువు చేసినట్టు. ఏమైతే అదైందని తొక్కాను. నిజం చెప్పొద్దూ, బాగుంది. అంత బాగుంటుందని నాకు తెలియదు. బాగున్నందుకే ఏడుపొచ్చింది, హెల్మెట్ లోపల కళ్ళు తుడుచుకోవడానికి లేక అలాగే నడిపాను.

బండి ఆపాక ఆయన కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఎంత?"

తొంభై అని చెబుదామనుకున్నాను. ఆయనకి ఎలాగూ తెలియదు. కానీ ఆ మనిషి ముందు తప్పుడు అంకె చెప్పడానికి నోరు రాలేదు.

"నూట నలభై రెండండీ."

తల ఊపారు. "అయితే పోగలదు."

ఇంక నా వల్ల కాలేదు. బెల్టు విప్పకుండానే చెప్పేశాను. "ఆ రోజు మీరు అమ్మగారితో అన్నారండీ, నెమ్మది అని. నాతో అన్నారనుకున్నానండీ. కాలు తీసేశాను. తప్పు నాదండీ."

ఆయన వంగి కిటికీలోంచి తల లోపలికి పెట్టారు. "ఆవిడతో అన్నానని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"నీతోనే అన్నాను. కరకట్ట గుంటల్లో ఆవిడకి కుదుపు తగులుతోందని నీతోనే అన్నాను. నువ్వు పోదామనుకున్నావు, నేను ఆపాను. అలా పోనిస్తే ఎంతలో చేరేవాళ్ళమో చూద్దామనే ఇదంతా."

"మీరు అయ్యా అనలేదండీ ఆ రోజు."

"కంగారులో అయ్యా ఒకటా, నా మొహం. దిగు, ఉక్కపోస్తుంది."

అంతే. తిరిగి వచ్చేటప్పుడు లారీలో నిద్రపోయాను. ఏడాది పైన అలాంటి నిద్ర లేదు. ఇంటికి వచ్చాక కారు మీద పట్టా కప్పించి, నన్ను కాటా గదిలో బరువుల చీటీలు రాయడానికి కూర్చోబెట్టారు. ఆయన ఆటోల్లో తిరిగారు. ఇంకా రెండేళ్ళు ఉన్నారు. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. నా మీద నుంచి తీసింది ఆయన ఎత్తుకున్నారేమో అని అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది గానీ, ఆయన అబద్ధమాడే మనిషి కాదు కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. మొన్న వారం రోజుల జ్వరంతో పోయారు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక కూతురు వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"బాబాయ్, ఒక్క మాట అడుగుతాను. అమ్మ పోయేటప్పుడు దారంతా 'నెమ్మది, నెమ్మది' అని ఆవిడకి చెబుతూనే ఉన్నాననేవారు నాన్న. ఆ మాట వింటూ పోయిందమ్మా, భయపడలేదు అనేవారు. ఎన్నిసార్లు చెప్పారో. నాకు అదొక్కటే ధైర్యం. ముందు సీట్లో ఉన్నది మీరే కదా. నిజంగా అమ్మతోనే అన్నారా, నేను ఏడుస్తానని నాకలా చెప్పారా?"

కూతురికి అలా చెప్పారు, నాకు ఇలా చెప్పారు. మా ఇద్దరిలో ఒకరికి అబద్ధం చెప్పారు, ఓదార్చడానికే చెప్పారు, అది ఎవరికో చెప్పకుండా పోయారు. ఆయనని కుదిపి అడగాలన్నంత కోపం వచ్చింది. అడగడానికి ఇప్పుడెక్కడున్నారు? నేను కాదంటే, ఈ పిల్లకి తల్లి ఒక్క ఓదార్పు మాటైనా లేకుండా పోయినట్టు. అవునంటే, ఆ పది నిమిషాలూ మళ్ళీ నావే, ఈసారి తీసుకునేవాళ్ళు కూడా లేరు.

"విన్నానమ్మా" అన్నాను. "అమ్మగారితోనే అన్నారు."

ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. వెనక్కి లాక్కుందామనుకున్నాను గానీ, తను వదిలేదాకా అలాగే ఉంచాను.